బండి రిపేరు, టోయింగ్ గొడవలు: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద, నాతవలస నుంచి విజయనగరం, గజపతినగరం మీదుగా సాలూరు వెళ్లే 26వ నంబరు రోడ్డు మీద బండి ఆగిపోయినవాళ్ల కష్టం దాదాపు ఒకేలా ఉంటుంది. బండి ఆగడం ఒక బాధ. దాన్ని లాగించుకోవడానికి, బాగు చేయించుకోవడానికి పడే పాట్లు అంతకంటే పెద్ద బాధ. ఈ పాట్లు పడేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదు. అందుకే న్యాయం తమవైపు ఉన్నా గట్టిగా అడగలేకపోతారు. కింద ఉన్న జవాబులన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

రాత్రిపూట హైవే మీద కారు ఆగిపోయింది. ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

ముందు మనుషుల సంగతి చూడండి. హజార్డ్ లైట్లు వేసి, అందరినీ ఎడమవైపు నుంచి దింపి, రోడ్డు పక్క రెయిలింగ్ అవతలికి పంపండి. రిఫ్లెక్టర్ ట్రయాంగిల్‌ను బండికి బాగా వెనకగా పెట్టండి. ఆగిన బండిలో కూర్చుని క్రేన్ కోసం ఎదురుచూడటం చాలా ప్రమాదం. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు మీ బండి ఆగి ఉందని తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు.

తర్వాత 1033కి చేయండి. అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్, రోజంతా పనిచేస్తుంది. ఎక్కడున్నారో చెప్పడానికి దగ్గర్లో ఉన్న కిలోమీటరు రాయి మీది నంబరు చూడండి. లేదా బెల్లుపడ, లక్ష్మీపురం, మడపాం, నాతవలస టోల్‌గేట్లలో ఏది దాటి ఎంత దూరం వచ్చారో చెప్పండి. ఎవరికైనా దెబ్బలు తగిలితే 108, గొడవో బెదిరింపో అయితే 112.

1033 ద్వారా వచ్చే క్రేన్ పని దారికి అడ్డం లేకుండా బండిని పక్కకు, క్షేమమైన చోటికి చేర్చడం. మీ ఊరి షెడ్డు దాకా తీసుకెళ్లే బాధ్యత దానికి లేదు. అక్కడి నుంచి మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (దారిలో బండి ఆగితే సాయం పంపే సర్వీసు) ఉంటే వాళ్లకు, లేదా కారు కంపెనీ హెల్ప్‌లైన్‌కు చేయండి. ఆ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పాలసీ కాగితం డ్యాష్‌బోర్డులో ఉండి, ఫోన్ చార్జింగ్ అయిపోయి, చుట్టూ చీకటిగా ఉంటే ఆ నంబరు వెతకడం నరకం.

రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్లు ‘గంటలో వస్తాం’ అని చెప్పి రాత్రంతా తిప్పారు. ఏం చేయగలం?

మన జిల్లాల్లో ఇది మామూలైపోయింది. కాల్‌సెంటర్ ఎక్కడో పెద్ద ఊళ్లో ఉంటుంది, బండి పంపాల్సిన ఏజెంటు విశాఖలో ఉంటాడు, మీరేమో సోంపేట దగ్గరో కంచిలి దగ్గరో ఉంటారు. ఫోన్‌లో అరిచినా అటువైపు ఉన్న అమ్మాయి చేయగలిగింది తక్కువ. చేయాల్సింది ఇది. కంప్లయింట్ నంబరు ఎస్సెమ్మెస్‌లో పంపమనండి. వాళ్లు చెప్పిన ప్రతి టైమునూ ఆ నంబరుతో కలిపి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో తిరిగి రాయండి. ‘మీ బండి రాకపోతే ప్రైవేటు క్రేన్ పెట్టుకుంటాను, ఆ ఖర్చు మీ మీద క్లెయిమ్ చేస్తాను’ అని ముందే రాసి పెట్టండి. తర్వాత క్రేన్ రసీదు జతచేసి డబ్బు అడగండి.

ఈ సర్వీసు ఇన్సూరెన్స్ పాలసీలో భాగమైతే, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. వాళ్లు పట్టించుకోకపోతే బీమా నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా, 155255. అక్కడా తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి. ఆంధ్రప్రదేశ్‌కు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది.

ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఒక మాట. మీకు శ్రీకాకుళం కంటే ఒడిశాలోని బరంపురం బాగా దగ్గర. ఉచితంగా ఎంత దూరం లాగుతారు, రాష్ట్రం దాటితే వర్తిస్తుందా అనేది పాలసీ కొనేటప్పుడే అడగండి.

క్రేన్ అతను ఎక్కించేటప్పుడు ఒక రేటు, దించేటప్పుడు ఇంకో రేటు చెప్పాడు.

నాకు ఎక్కువగా వినిపించే కంప్లయింట్ ఇదే. ప్రైవేటు రికవరీ బండికి మీటరు లేదు. అర్ధరాత్రి, వాన, పక్కన పిల్లలు. ఆ పరిస్థితిలో ఎవరైనా ‘ఎంతైనా ఇస్తాం బాబూ, ముందు లాగండి’ అంటారు. ఆ మాటే తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

ఎక్కించక ముందు అడగాల్సినవి ఇవి: మొత్తం ఎంత, అది ఎన్ని కిలోమీటర్లకు, ఖాళీగా తిరిగి వెళ్లే దూరానికి కూడా లెక్క కడతారా, టోల్ ఎవరిది, నైట్ చార్జీ, ఎక్కించి దించే కూలీ అందులోనే ఉన్నాయా. నోటితో అడిగి వదిలేయకండి. అతని నంబరుకు వాట్సాప్‌లో ఇలా పంపండి: ‘రణస్థలం నుంచి శ్రీకాకుళం షెడ్డు వరకు, ఎక్కించడం, దించడం, టోల్ అన్నీ కలిపి ఇంత. సరేనా అండి?’ అతను ‘ఓకే’ అని కొడితే చాలు, అదే మీ ఒప్పందం. ఓకే అనడానికి వెనకాడితే రేటు తర్వాత మారుతుందని ముందే తెలిసిపోతుంది. డబ్బు యూపీఐలో ఇవ్వండి, నోట్‌లో బండి నంబరు రాయండి.

దించే చోట ఎక్కువ అడిగి బండి దించనంటే, వాదన పెద్దది చేయకుండా ‘ఒప్పుకున్నది ఇంత, మీరు బలవంతం చేసినందుకు ఇంత ఇస్తున్నాను’ అని మెసేజ్ పెట్టి ఇవ్వండి. ఇంటికి చేరాక అదనంగా ఇచ్చిన సొమ్ము కోసం ఫిర్యాదు చేయొచ్చు. కొట్టడానికి మీదకొస్తే మాత్రం 112.

లాగుకొచ్చాక బంపర్ విరిగింది, గేర్‌బాక్స్ కూడా పోయిందంటున్నారు.

గేర్‌బాక్స్ పోవడానికి తరచు కారణం బండిని తప్పు పద్ధతిలో లాగడం. ముందు చక్రాలు తిరిగే మాన్యువల్ కారును ముందువైపు పైకెత్తి లాగొచ్చు. ఆటోమేటిక్ కారు, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే కారు, ఎలక్ట్రిక్ కారు అయితే మొత్తం బండిని ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలి. ఆటోమేటిక్‌లో ఇంజిన్ ఆగితే గేర్‌బాక్స్‌లోని ఆయిల్ పంపు కూడా ఆగుతుంది. ఆ స్థితిలో చక్రాలు తిరుగుతూ పోతే లోపల ఆయిల్ లేకుండానే అన్నీ అరిగిపోతాయి. ఎలక్ట్రిక్ బండిలో చక్రాలు తిరిగితే మోటార్ తిరిగి కరెంటు పుడుతుంది. అందుకే ఫోన్ చేసినప్పుడే ‘నాది ఆటోమేటిక్, ఫ్లాట్‌బెడ్ పంపండి’ అని చెప్పాలి. మామూలు క్రేన్ వస్తే ఎక్కించనివ్వకండి. ఇంకో గంట ఆగాల్సి వచ్చినా సరే.

గొలుసు బంపర్‌కు కట్టనివ్వకూడదు. చాలా కార్లకు టో హుక్కు విడిగా ఉంటుంది, స్టెప్నీ దగ్గర టూల్స్‌తోపాటు. బంపర్‌లో చిన్న మూత తీసి, ఆ రంధ్రంలో స్క్రూలాగా తిప్పి బిగించాలి. ఎక్కించే ముందు నాలుగు వైపులా ఫొటోలు, మీటరు రీడింగ్, ఎలా కట్టారో ఒక చిన్న వీడియో తీయండి. టార్చి వెలుగులో తీసినా పనికొస్తుంది. దించిన వెంటనే మళ్లీ తీయండి. ఈ రెండు సెట్లు లేకుండా ‘అది ముందే విరిగింది’ అన్న మాటకు జవాబు చెప్పలేం.

టోయింగ్ ఖర్చు ఇన్సూరెన్స్ ఇస్తుందా?

యాక్సిడెంట్ అయితే కొంత ఇస్తుంది. స్టాండర్డ్ సొంత కారు పాలసీలో దగ్గరి రిపేరు షాపుకు చేర్చే ఖర్చుకు 1,500 రూపాయల వరకు, టూ వీలర్‌కు 300 వరకు అని ఉంటుంది. మామూలు బ్రేక్‌డౌన్‌కు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్ఆన్ (విడిగా డబ్బు కట్టి పాలసీకి కలుపుకునే కవర్) ఉండాలి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే రెండూ రావు.

ఎస్టిమేట్ ఒకటి చెప్పి, బిల్లు రెండింతలు వేశారు. కట్టాల్సిందేనా?

ఇంజిన్ విప్పాక కొత్త లోపాలు బయటపడటం నిజంగానే జరుగుతుంది. దాన్ని తప్పుపట్టలేం. తప్పెక్కడంటే, కొత్త లోపం కనబడినప్పుడు మీకు ఫోన్ చేసి అడగకుండా పని చేసేయడంలో. మీరు ఒప్పుకోని పనికి డబ్బు అడిగే హక్కు వాళ్లకు బలంగా ఉండదు. కానీ మీరు ఏ పనికి ఒప్పుకున్నారో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అయితే జాబ్ కార్డు, అంటే చేయాల్సిన పనులు, అంచనా ఖర్చు రాసే కాగితం. దాని మీద అంకెలు లేకుండా ఖాళీగా సంతకం పెట్టకండి. చిన్న షెడ్డులో అయితే మళ్లీ వాట్సాప్: ‘క్లచ్ ప్లేట్లు, లేబర్ కలిపి ఇంత. ఇంకేదైనా పని ఉంటే ముందు నాకు ఫోన్ చేయండి, నేను సరే అంటేనే చేయండి.’

మా మెకానిక్ ఇరవై ఏళ్లుగా తెలుసు. కాగితం అడిగితే ఏమనుకుంటారో?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలనుంది. మన దగ్గర షెడ్డుకు కస్టమర్‌గా వెళ్లం, మనిషిగా వెళ్తాం. ‘బావు, బండి చూడరా’ అంటే చూస్తారు. నాన్న స్కూటర్ చూసిన చేతులే కొడుకు కారు చూస్తాయి. పండక్కి చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో బండేసుకుని వచ్చిన పిల్లలకు కనుమ రోజున కూడా షెడ్డు తెరిచి సాయం చేసినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఆ చేతుల మీద నాకు నిజమైన గౌరవం ఉంది. కంపెనీ షోరూమ్‌లో మొత్తం పార్టు మార్చేయమన్న చోట, చిన్న బుష్ వేసి నడిపించినవాళ్లు వీళ్లే.

కాగితం ఆ మనిషికీ రక్షణే. మాట మీద చేసిన పనిలో ఎవరి లెక్క వాళ్లకు గుర్తుంటుంది, చివర్లో మనసులు విరిగేది అందుకే. మంచి మెకానిక్ డబ్బు ఎగ్గొట్టిన కస్టమర్ల వల్ల కూడా నష్టపోతున్నాడు, ఆ సంగతి మనం మాట్లాడుకోం. ‘అన్నా, నాకు మర్చిపోయే అలవాటు, ఒకసారి వాట్సాప్‌లో రాసుకుందాం’ అని మామూలుగా అడగండి. తప్పు పట్టుకునేవాళ్లు అరుదు. మర్యాదగా అడిగినా కోపగించుకుని ‘నమ్మకం లేకపోతే బండి తీసుకెళ్లండి’ అనే చోట బండి వదలవద్దనే నా సలహా.

‘ఇంజిన్ బోరుకొచ్చింది, 60 వేలు అవుతుంది’ అన్నారు. నమ్మాలా?

అంత పెద్ద మాటను ఒకరి నోటి మీద నమ్మకండి. బోరుకు రావడమంటే పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు అరిగి ఆయిల్ పైకి వచ్చి కాలిపోవడం. అలాంటప్పుడు నీలం రంగు పొగ వస్తుంది, ఇంజిన్ ఆయిల్ తరచు తగ్గిపోతుంది. తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గిపోతుంటే అనుమానించాల్సింది హెడ్ గాస్కెట్‌ను, అంటే ఇంజిన్‌కూ దాని పైభాగానికీ మధ్య ఉండే సీలును. నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువగా పోతున్నదనో, గాలి సరిగా అందడం లేదనో అర్థం, ఒక్కోసారి ఎయిర్ ఫిల్టర్ మారిస్తే పోతుంది. వీటిని తేల్చడానికి కంప్రెషన్ టెస్ట్ ఉంది. ఒక్కో సిలిండర్‌లో ఎంత ప్రెషర్ వస్తోందో గేజ్‌లో కనిపిస్తుంది. ఆ రీడింగులు రాసిమ్మనండి, లేదా గేజ్ ఫొటో తీసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: రెండో మెకానిక్ చూసేదాకా ఇంజిన్ విప్పనివ్వకండి. విప్పాక బండి అక్కడే బందీ. పార్టులు డబ్బాల్లో ఉన్న ఇంజిన్‌ను ఇంకో షెడ్డుకు తీసుకెళ్లడం దాదాపు అసాధ్యం. అప్పుడు వాళ్లు ఎంత చెబితే అంత.

మార్చిన పార్టులు నిజంగా మార్చారో లేదో ఎలా తెలుస్తుంది?

పాత పార్టులు నాకు ఇవ్వాలని పని మొదలయ్యే ముందే చెప్పండి. వారంటీలో ఉచితంగా మార్చినవీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో మార్చినవీ కంపెనీ వెనక్కి తీసుకోవచ్చు. మీ డబ్బుతో మార్చినవి మాత్రం అడిగి తీసుకోండి. కొత్త పార్టు డబ్బా, దాని మీది పార్టు నంబరు ఫొటో, స్పేర్ పార్ట్స్ షాపు బిల్లు కూడా తీసుకోండి. వీలైతే పార్టు మీరే కొనివ్వండి. కానీ అప్పుడు పార్టు పాడైతే లేబర్ మళ్లీ ఎవరు భరించాలో కూడా అనుకోండి.

సముద్రం పక్క ఊళ్లవాళ్లు, అంటే బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు, బండి కింది భాగం తుప్పు ఫొటోలు ఏడాదికోసారి తీసి పెట్టుకోవడం మంచిది. సైలెన్సర్, బ్రేక్ పైపులు తుప్పుతో పోయాయన్న మాట అక్కడ చాలాసార్లు నిజమే.

ట్రయల్ పేరుతో మా కారును షెడ్డువాళ్లు సొంత పనులకు తిప్పారు. గీతలు కూడా పడ్డాయి.

భారత కాంట్రాక్టు చట్టం 154వ సెక్షన్ సరిగ్గా దీని గురించే. రిపేరుకిచ్చిన వస్తువును ఒప్పుకున్న పనికి కాకుండా వేరేగా వాడితే, ఆ వాడకంలో జరిగిన నష్టానికి వాళ్లే పరిహారం ఇవ్వాలి. బండి ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు మీటరు రీడింగ్, పెట్రోల్ ముల్లు ఫొటో తీయడం ఇందుకే.

బిల్లు తేలేదాకా బండి ఇవ్వమంటున్నారు. అది చట్టబద్ధమేనా?

చేసిన పనికి న్యాయంగా రావాల్సిన డబ్బు అందేదాకా బండిని ఆపే హక్కు అదే చట్టం 170వ సెక్షన్ ప్రకారం మెకానిక్‌కు ఉంది. కాబట్టి తాళాలు లాక్కుని వచ్చేయడం, రాత్రిపూట బండి తెచ్చేసుకోవడం లాంటివి చేసి మీరే చిక్కుల్లో పడకండి. ఆ హక్కుకూ హద్దుంది. ఈ బండి మీద చేసిన ఈ పనికి మాత్రమే అది వర్తిస్తుంది. మీ తమ్ముడి బండి బాకీ కోసమో, మీ పాత ఆటో బాకీ కోసమో ఈ కారును ఆపడానికి కుదరదు.

ఆచరణలో మంచి దారి: ‘ఈ బిల్లులో ఫలానా ఫలానా అంశాలు నేను ఒప్పుకోను, బండి కోసం అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీదే రాసి సంతకం పెట్టి, ఫొటో తీసుకుని, కట్టి, బండి తెచ్చుకోండి. ఆ తర్వాత ఫిర్యాదు.

జీఎస్టీ వేశారు కానీ సరైన బిల్లు ఇవ్వలేదు.

రిజిస్ట్రేషన్ ఉన్న షెడ్డు బిల్లు మీద 15 అంకెలు, అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ లేని చిన్న షెడ్డుకూ, చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ స్కీములోని వాళ్లకూ కస్టమర్ దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేసే అధికారం లేదు. ఇక బిల్లే ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం 2019 అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది.

బయట షెడ్డులో చేయిస్తే వారంటీ మొత్తం పోతుందా?

సర్వీస్ సెంటర్‌లో ఈ మాటతో చాలామందిని భయపెడతారు. స్వతంత్ర మెకానిక్‌లకు విడిభాగాలు, సమాచారం అందనివ్వకుండా అడ్డుకున్నందుకు 2014లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు జరిమానా వేసింది. బయట చేయించారనే ఒక్క కారణంతో వారంటీ తీసేస్తామనడాన్ని కూడా ఆ ఉత్తర్వు తప్పుపట్టింది. వారంటీ నిరాకరిస్తే ఏ పని వల్ల ఏ పార్టు పాడైందో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. నోటిమాటగా ‘కుదరదు సార్’ అన్నది జవాబు కాదు.

తుపాను నీళ్లలో కారు మునిగింది.

సెల్ఫ్ కొట్టకండి. తాళం కూడా తిప్పకండి. ఇంజిన్‌లోకి నీళ్లు చేరి ఉంటే, స్టార్ట్ చేసిన క్షణంలో పిస్టన్ ఆ నీళ్లను నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ ‘మీరు స్టార్ట్ చేయడం వల్లే పోయింది’ అంటుంది, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ లేకపోతే క్లెయిమ్ కష్టమవుతుంది. నీటి మట్టం బండి మీద ఎక్కడిదాకా వచ్చిందో ఫొటో తీసి, బ్యాటరీ తీగ విప్పించి, ఫ్లాట్‌బెడ్ మీదే తరలించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పటిలా ఊళ్లు మొత్తం దెబ్బతిన్న సమయంలో క్రేన్లు దొరకడం ఆలస్యమవుతుంది. ఆ ఆత్రంలో స్టార్ట్ చేయకండి.

వినియోగదారుల కమిషన్‌కు ఎలా వెళ్లాలి? లాయర్ కావాలా?

లాయర్ తప్పనిసరి కాదు. ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. పెద్ద కంపెనీలు, వాటి సర్వీస్ సెంటర్ల విషయంలో అక్కడే తేలిపోయే అవకాశం బాగా ఉంటుంది. తేలకపోతే షెడ్డుకు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు: ఏం జరిగింది, ఎంత తిరిగి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో. తిట్లు రాయకండి, తారీఖులు రాయండి.

శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. మీరు ఉండే చోట, లేదా పనిచేసే చోట ఫిర్యాదు వేయొచ్చు. షెడ్డు విశాఖలో ఉన్నా మీరు అక్కడికి వెళ్లనక్కర్లేదు. 2019 చట్టం తెచ్చిన ఈ వెసులుబాటు మనలాంటి జిల్లాలకు చాలా గొప్ప మేలు. సర్వీసుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది, ఆచరణలో ఇంకా పడుతుందని సిద్ధపడండి.

కేసు బలం ఎక్కడుందంటే, పని సరిగా చేయలేదని మీరు కాక ఇంకొకరు చెప్పడంలో. రెండో మెకానిక్ దగ్గర బాగు చేయించే ముందు, పాత పనిలో ఏం లోపం ఉందో అతని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, ఫొటోలు తీయండి. బాగు చేయించేశాక ఆ లోపం మాయమైపోతుంది, సాక్ష్యమూ దాంతోపాటే.

నాది ఆటో. మా బంధువుది సాలూరు లారీ. మేమూ వినియోగదారులమేనా?

వ్యాపారం కోసం తీసుకున్న సర్వీసుకు వినియోగదారుల రక్షణ చట్టం వర్తించదు. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి సొంతంగా నడుపుకునే బండికి మినహాయింపు ఉంది. మీరే నడిపే ఆటో ఆ మినహాయింపులోకి వస్తుంది. ఒక లారీ కొని తానే తోలుకునే యజమాని కూడా వస్తాడు. డ్రైవర్లను పెట్టి నాలుగైదు లారీలు తిప్పేవారికి కష్టం, వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి. ఫిర్యాదులో ‘నా జీవనాధారం ఇదే, బండి నేనే నడుపుతాను’ అన్న వాక్యం తప్పకుండా రాయండి. లైసెన్సు నకలు జతచేయండి. బండి షెడ్డులో ఉన్న రోజులకు పోయిన సంపాదన కూడా అడగండి, అది మీ ఇంటి బియ్యం డబ్బు.

బిల్లు లేదు, జాబ్ కార్డు లేదు. ఇక ఏమీ చేయలేమా?

చేయొచ్చు. యూపీఐ చెల్లింపు, కాల్ హిస్టరీ, వాట్సాప్‌లో ‘బండి రెడీ అయిందా అన్నా’ అని పెట్టిన మెసేజ్, షెడ్డు ముందు బండి ఉన్న ఫొటో, దింపిన క్రేన్ డ్రైవర్ మాట, ఇవన్నీ సాక్ష్యాలే. ఫోన్ మార్చేలోపు స్క్రీన్‌షాట్లు తీసి ప్రింట్లు తీయించండి. ఆ తర్వాత షెడ్డుకు ఒక మెసేజ్ పెట్టండి: ‘ఫలానా తేదీన ఈ పనికి ఇంత ఇచ్చాను, బిల్లు ఇవ్వగలరు.’ వాళ్లు ‘రేపు ఇస్తాం’ అని జవాబిచ్చినా, డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్నట్టే. ఆ జవాబును కూడా ప్రింట్ తీయించి ఫైల్లో పెట్టండి.